నల్లరేగడి నేలలో సెప్టిక్: ఇల్లు కొనేముందు చూసుకోవాల్సినవి

డాలస్ శివార్లలో ఎకరం స్థలంలో ఉన్న ఇల్లు చూసి మా ఆయన ముచ్చటపడ్డారు. లిస్టింగ్‌లో ఎక్కడో కింద ‘ఏరోబిక్ సెప్టిక్’ అని ఉంది. అంటే ఊరి డ్రైనేజీ అక్కడిదాకా రాలేదు, ఇంట్లో వాడిన ప్రతి చుక్కా మన పెరట్లోనే శుభ్రమవ్వాలి. అమెరికాలో దాదాపు ఐదిళ్ళలో ఒకటి ఇలాంటిదే. కిచెన్ కౌంటర్‌ని తడిమి తడిమి చూసే మనవాళ్ళు దీన్ని మాత్రం అడగరు.

ముందు చూడాల్సింది ట్యాంకు కాదు, మట్టి. మామూలు సెప్టిక్‌లో మడ్డి అడుక్కి దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యనున్న నీరు చిల్లుల పైపుల్లోంచి నేలలోకి ఇంకుతుంది. మిగతా శుద్ధి చేసేది ఆ నేలలోని సూక్ష్మజీవులే. మట్టి గుల్లగా ఉండి, స్థలం ఉంటే ఇదే మేలు. పాడయ్యే మోటార్లు ఉండవు. మూడు నుంచి అయిదేళ్ళకోసారి మడ్డి తీయిస్తే చాలు. అప్పడాలు వేయించిన నూనె మాత్రం సింకులో పోయకండి.

కానీ డాలస్ చుట్టూ ఉన్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టి మన గుంటూరు నల్లరేగడికి తోబుట్టువు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, నీటిని తొందరగా ఇంకనివ్వదు. అందుకే ఇక్కడ ఏరోబిక్ ఎక్కువ. ట్యాంకులోకి పంపు గాలి కొడుతుంది, ఆ ఆక్సిజన్‌తో బాక్టీరియా మురికిని తింటుంది, తేరిన నీటికి క్లోరిన్ తగిలించి స్ప్రింక్లర్లతో గడ్డి మీద చల్లుతారు. కరెంటు ఖర్చు, పంపు మార్పిడి, నాలుగు నెలలకోసారి తనిఖీ లెక్కలో వేసుకోవాలి. క్లోరిన్ బిళ్ళలు మురుగునీటి కోసం చేసినవే వాడాలి. స్విమ్మింగ్ పూల్ బిళ్ళలు వేస్తే ప్రమాదకరమైన వాయువు పుట్టవచ్చు.

గోంగూర మడి ఎక్కడ వేయాలో నేను అప్పటికే అనుకున్నాను. సరిగ్గా అది స్ప్రింక్లర్ల కిందే! తినే పంటలున్న చోట ఈ నీళ్ళు చల్లకూడదని టెక్సస్ నిబంధన.

మళ్ళీ వాడుకోవడానికి తేలికైనవి వాషింగ్ మెషిన్ నీళ్ళు. మా అమ్మమ్మ పెరట్లో స్నానాల నీళ్ళు అరటి పాదులోకే వెళ్ళేవి, ఇదీ అదే పద్ధతి. టెక్సస్‌లో ఇంటికి రోజుకు 400 గ్యాలన్ల లోపయితే రాష్ట్ర పర్మిట్ అక్కర్లేదు. కాలిఫోర్నియా కూడా 2009 నుంచి కొన్ని షరతులతో లాండ్రీ నీటికి పర్మిట్ తీసేసింది. మీ సిటీ నియమాలు మాత్రం కనుక్కోండి. వాల్వు ఒకటి పెట్టించి, పైపుని చెట్ల మొదట్లో మల్చ్ కిందికి వదలాలి. సోడియం, బోరాన్ లేని సబ్బు వాడాలి. పసిపిల్లల డయపర్ బట్టలు ఉతికినరోజు వాల్వు సెప్టిక్ వైపు తిప్పేయాలి. నిల్వ పెడితే ఒక్కరోజులో కంపు కొడుతుంది. వంటింటి నీళ్ళు దీనికి పనికిరావు. మన నేలలో ఇంకో లాభం కూడా ఉంది: ఎండాకాలం పునాది చుట్టూ మట్టి నెర్రెలివ్వకుండా ఈ నీళ్ళు పట్టవచ్చు, నిబంధనలూ ఒప్పుకుంటాయి.

ఇంతకీ ఆ ఇంట్లో తనిఖీ చేయిస్తే క్లోరిన్ గొట్టం ఖాళీ, గాలి పంపు చప్పుడే లేదు. ఎన్నాళ్ళనుంచి శుద్ధికాని నీళ్ళు ఆ గడ్డి మీద పడుతున్నాయో! పిల్లలు ఆడుకునే చోటు అది. మా ఆయన ముచ్చట పక్కన పెట్టి, పంపు మార్పించి, నీటి పరీక్ష రిపోర్టు చేతికొచ్చాకే సంతకాలు పెట్టాం. గోంగూర ఇంటి ముందువైపుకి మారింది.