సర్జన్ల డ్యూటీ ఎవరు రాశారు?

మేం ఆపరేషన్‌కు తొడుక్కునే రబ్బరు గ్లౌజులు వాడకంలోకి వచ్చింది ఒక నర్సు చేతుల కోసం. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచారు. కరొలైన్ హాంప్టన్ అక్కడి థియేటర్ నర్సు. క్రిములు చావడానికి వాడే మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణంలో రోజూ ముంచి ముంచి ఆమె చేతులు పొక్కిపోయాయి. సర్జరీ విభాగాన్ని నడిపే విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ కంపెనీకి చెప్పి ఆమెకు పల్చటి గ్లౌజులు చేయించాడు. 1890లో ఇద్దరికీ పెళ్లయింది. పెళ్లితో ఆమె ఉద్యోగం మానేసింది. గ్లౌజులు థియేటర్‌లో ఉండిపోయాయి.

సర్జన్లను తయారుచేసే పద్ధతి కూడా హాల్‌స్టెడ్ పెట్టిందే. కుర్ర డాక్టరు కాపురం ఆసుపత్రిలోనే. ఏ వేళ పిలిచినా పలకాలి, పెళ్లి ఊసెత్తకూడదు, శిక్షణ ఎన్నాళ్లన్నది పెద్దాయన ఇష్టం. ఆ శిక్షణలోంచే హార్వే కుషింగ్ లాంటి మహా సర్జన్లు వచ్చారు. హాల్‌స్టెడ్ మాత్రం కొకైన్‌ను తన మీదే పరీక్షించుకుని దానికి బానిసయ్యాడు, ఆ తర్వాత మార్ఫిన్ ఆయన్ని వదల్లేదు. వేసవి వస్తే నెలల తరబడి నార్త్ కరోలినా కొండల్లో డాలియా పూలు పెంచుకునేవాడు. ఆసుపత్రిలో రాత్రింబవళ్లు నిలబడింది శిష్యులు.

అంతకు ముందే మద్రాసులో ఇంకో దారి కనబడింది. మేరీ షార్లీబ్ ఇంగ్లీషు బారిస్టరు భార్య, పిల్లల తల్లి. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన నలుగురు ఆడవాళ్లలో ఆమె ఒకరు. లండన్ వెళ్లి మళ్లీ చదివి తిరిగొచ్చి, 1885లో గోషా స్త్రీల కోసం ఆసుపత్రి పెట్టించింది. తర్వాత లండన్‌లో కడుపు ఆపరేషన్లకు పేరుమోసింది. సంసారం ఉన్న మనిషి సర్జన్ కాగలదని ఆనాడే రుజువైంది. అయినా లోకం బాల్టిమోర్ పద్ధతినే పట్టుకుంది.

నేను పీజీలో సర్జరీ అడిగినప్పుడు ఒక ప్రొఫెసర్ "గైనిక్ తీసుకోమ్మా, పిల్లలు పుట్టాక ఇది నీవల్ల కాదు" అన్నారు. కాన్పులు పగటిపూటే అవుతాయా? నా బ్యాచ్ మగపిల్లల్ని ఎవరూ ఆ మాట అడగలేదు. అలాగని వాళ్లకు ఒరిగిందీ లేదు. పేగుకు చిల్లుపడి వచ్చిన మనిషికి అర్ధరాత్రి ఆపరేషన్ చేసి, వారం తిరక్కుండా వార్డులో లేచి నడుస్తుంటే చూడటంలో ఉన్న తృప్తి ఆడా మగా ఇద్దరికీ ఒకటే. తేడా అంతా ఇంటికెళ్లాకే. నాకు స్టవ్ మీద ఖాళీ గిన్నె ఉండేది, వాళ్లకు వడ్డించిన కంచం ఉండేది. ఆ కంచం ముందు కూర్చునేసరికి పిల్లలు నిద్రపోయేవారు. తన కూతురు ఏ క్లాసో తడుముకున్న సీనియర్‌ని నేను చూశాను. ఆయన బాధ చిన్నది కాదు.

1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఆసుపత్రిలో చనిపోయాక, జూనియర్ డాక్టర్ల నిద్రలేమి మీద పెద్ద చర్చ లేచింది. 2003లో అమెరికా అంతటా వారానికి 80 గంటల హద్దు పెట్టారు. మన కేంద్ర ప్రభుత్వ రెసిడెన్సీ నిబంధనలు 1992లోనే 48 గంటలన్నాయి. వార్డుల్లో మాత్రం 36 గంటల ఏకబిగి డ్యూటీలు ఇంకా నడుస్తున్నాయి.

సర్జరీకి ఓర్పు కావాలి, నేర్పు కావాలి. నిద్ర మానడం ఆ రెండింటిలో ఏదీ కాదు. ఇల్లు ఇంకెవరో చూసుకుంటారన్న ధీమాతో మగవాళ్లు రాసుకున్న డ్యూటీ ఇది. రాసినదాన్ని తిరగరాయవచ్చు. 1992 నాటి నిబంధనను అమలు చేయండి. రాత్రంతా పనిచేసిన పీజీని పొద్దున్నే ఇంటికి పంపండి. ఆడపిల్లనే కాదు, మగపిల్లాణ్ణీ పంపండి. ఇంటికెళ్లి అతనూ స్టవ్ వెలిగించాలి.