బళ్ళారి సీమలో కోత పండుగ

వేసవి కడపట కోతలనిన మన సీమలోని పూర్వులకు వింతగా తోచియుండును. నల్లరేగడి పొలములలో చైత్ర వైశాఖములు నెర్రెలు విచ్చిన నేలను చూచుచు వానకై ఎదురుచూచు కాలము. ముంగారు కొర్ర వానకాలము కడపటను, హింగారు జొన్న సంక్రాంతి వెనుకను కల్లము చేరెడివి. నేడు సిరుగుప్ప ప్రాంతమున ఏప్రిల్, మే నెలలలో వరి కోయుచున్నారు. ఈ మార్పు మనలోని క్రైస్తవ కుటుంబముల కోత పండుగకు ఎట్టి అర్థము నిచ్చినదో ఒకింత పరిశీలింతము.

1800లో నిజాము ఈ మండలమును ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. 1810లో లండన్ మిషనరీ సంఘమువారి జాన్ హాండ్స్ బళ్ళారి చేరి, కన్నడము నేర్చి, బైబిలు అనువాదమునకు పూనుకొనెను. 1846లో వార్డ్‌లా పాఠశాల వెలసెను. ఇంచుమించుగా ఆ దినములలోనే, 1843లో, ఇంగ్లండునందలి కార్నువాల్‌లో రాబర్టు హాకర్ అను గురువు పంటకై కృతజ్ఞతారాధన జరిపెను. నేటి కోత పండుగకు అదియే నాంది. అచ్చట వేసవి ముగియు వేళ గోధుమ పండును. ఇచ్చట అదే వేళ రైతు హింగారు విత్తనమునకై పదును చూచుచుండును. కావున పండుగ సముద్రము దాటినను దాని తేది దాటలేదు. పంట వచ్చిన దినమే పండుగ దినమాయెను.

ఆ పంటయు ఏటేట వచ్చునది కాదు. 1876–78 నాటి కరవులో ఈ మండలము దాదాపు ఐదవవంతు జనమును కోల్పోయినది. అట్టి నేలపై పుట్టిన కృతజ్ఞత కలిమిలో పుట్టినది కాదు, బ్రతికి బయటపడినవారిది. తెలుగు సీమలో బిషపు అజరయ్యగారి కాలమున దోర్నకల్ ప్రాంతపు బీద స్త్రీలు వంట వండునపుడెల్ల పిడికెడు బియ్యము వేరుచేసి దేవాలయమునకు తెచ్చెడివారు. భూమి లేనివారును దాతలు కావచ్చునని ఆ పిడికిలి చాటెను.

1953వ సంవత్సరము మనకు రెండు విధముల మరపురానిది. ఆ యేట తుంగభద్ర కాలువలకు నీరు వదలిరి. ఆ యేటనే అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమున చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రమున కలిసెను. నీరు వచ్చెను, సరిహద్దును వచ్చెను. కోస్తా మండలముల నుండి రైతులును కూలీలును తరలివచ్చి క్యాంపులు కట్టుకొనిరి. సార్వా, దాళ్వా అను మాటలును వారితోనే వచ్చెను. జలాశయమున నీరు మిగిలిన యేడు దాళ్వా వేసవి చివర కోతకు వచ్చును.

ఇచ్చట ఒక విశేషము కలదు. పాలస్తీనాలో పస్కా వేళకు యవలును, పెంతెకొస్తు వేళకు గోధుమలును కోతకు వచ్చును. మన దాళ్వా కోతయు ఇంచుమించు ఆ దినములదే. ఇంగ్లండు పంచాంగమునకు అందని మన పంట, తెలియకయే బైబిలు పంచాంగమును చేరినది. ఆ కోతలలోనే మోయాబునుండి వచ్చిన పరదేశి రూతు, బెత్లెహేము పొలములలో పరిగె ఏరుకొనెను. పొలపు అంచులను పూర్తిగా కోయక, పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెనని లేవీయకాండము శాసించినది.

ఈ కథ మనకు దూరపుది కాదు. ఈ నేలపై మనమును ఒకనాడు రూతువలె వచ్చినవారమే. కన్నడ సోదరులు చోటిచ్చిరి. నేడు పొలములు మనవి, పరిగె ఏరువారు వేరు. కోత యంత్రములు దిగిన పొలమున కూలివారి కొడవళ్ళకు పని తగ్గినది. 2024 ఆగస్టులో ఆనకట్ట పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయి నీరు వృథాయైనపుడు, మన కలిమి యెంత సన్నని గొలుసుపై వ్రేలాడుచున్నదో కన్నులార చూచితిమి.

కోత పండుగనాడు దేవాలయమున వేలమునకు వచ్చు బియ్యపు బస్తాలను లెక్కించుట సులభము. పొలపు అంచున ఎవరికై ఏమి విడిచితిమో లెక్కించుకొనుట కష్టము. ఏ మతమువారమైనను ఆ రెండవ లెక్కను మరువకుందుము గాక.