ఆదిత్య ప్రకాశ్: కట్టడం, బొమ్మ, నాటకం

ఆదిత్య ప్రకాశ్ (1924 మార్చి 10 – 2008 ఆగస్టు 12) భారతీయ వాస్తుశిల్పి, అధ్యాపకుడు, చిత్రకారుడు, రంగస్థల నటుడు. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో పుట్టారు. చండీగఢ్ నగరాన్ని కట్టిన తొలి భారతీయ ఆర్కిటెక్టుల బృందంలో ఒకరు.

ఢిల్లీ పాలిటెక్నిక్‌లో చదువు మొదలుపెట్టి, 1947లో లండన్ వెళ్లారు. తర్వాత గ్లాస్గోలో ఉద్యోగం చేస్తూ అక్కడి కళాశాలలో బొమ్మలు వేయడం నేర్చుకున్నారు.

1952లో స్వదేశానికి వచ్చి చండీగఢ్ రాజధాని ప్రాజెక్టు కార్యాలయంలో చేరారు. నగర ప్రణాళిక లె కార్బూజియేది. పియర్ జానరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ అక్కడి సీనియర్లు. జేన్ డ్రూ దగ్గర పని నేర్చుకున్న ప్రకాశ్, తర్వాత కార్బూజియే రూపొందించిన ఆర్ట్ కాలేజీ భవనానికి పనిచేశారు. అదే నమూనాను మలచి ఆర్కిటెక్చర్ కాలేజీని నిలబెట్టారు. సెక్టార్ 17లోని నీలం సినిమా హాలు, లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఆయన చేతిలో రూపుదిద్దుకున్నవే.

1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం. ఆయన పేర దేశంలో పలుచోట్ల రంగశాలలు వెలిశాయి. హైదరాబాదులో ఫయాజుద్దీన్ రూపకల్పన చేసిన రవీంద్రభారతి తెలుగువారందరికీ తెలిసినదే. చండీగఢ్ సెక్టార్ 18లోని ఠాగూర్ థియేటర్ ఆ వరసలోనిదే. దాన్ని ప్రకాశ్ కట్టారు. ఆడంబరం లేని ఇటుక గోడల కట్టడం అది. వేదిక ఎక్కి నటించే మనిషే రంగశాలను గీయడం ఇక్కడి విశేషం. తరువాతి కాలంలో ఆ థియేటర్ లోపలి భాగాన్ని పూర్తిగా మార్చేశారు.

1968 నుంచి 1982 వరకు చండీగఢ్ ఆర్కిటెక్చర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆయన ఆలోచన బాగా పండిన కాలం ఇది. 1978లో చండీగఢ్ గురించి వచన కవితా రూపంలో ఒక పుస్తకమే రాశారు. బొమ్మలు ఆపలేదు. ఆయన గీతల్లో ఒక పద్ధతి ప్రత్యేకమైనది: కలం కాగితానికి ఆనిందంటే, వంపులు తిరుగుతూ తన దారిని తానే దాటుకుంటూ, రూపం పూర్తయ్యేదాకా పైకి లేవదు.

ఈ దశలోనే ఆయన తన గురువుల నగరాన్ని ప్రశ్నించడం మొదలుపెట్టారు. చండీగఢ్ ప్రణాళికలో దుకాణాలకు వరసలు ఉన్నాయి గానీ, సైకిలు చక్రాల మీద చెక్కపలక వేసుకుని కూరగాయలు అమ్మేవాడికి చోటు లేదు. అక్కడ ‘రేహ్డీ’ అనే ఆ తోపుడు బండిని ప్రకాశ్ శ్రద్ధగా గమనించి, దానికి నగరంలో న్యాయమైన స్థానం ఉండాలన్నారు. పంట, పశువు, చెత్త నుంచి ఎరువు, కాలినడక అన్నీ ఇమిడి, తన అవసరాలు తానే తీర్చుకునే ఊరిని ఊహించి నమూనాలు గీశారు. పెరట్లో కొబ్బరి, పనస, జీడిమామిడి, ఆ పక్కనే పశువుల సాల ఉన్న ఇంట్లో పెరిగిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు పాఠకుడికి ఈ ఊహ సొంత ఊరి పటంలాగే కనిపిస్తుంది. నగరాలు కట్టే విద్య నేర్చిన మనిషి అలాంటి ఊరి విలువను గుర్తించి నమూనాగా గీయడం ఆయన గొప్పతనం.

పదవీ విరమణ తర్వాత కూడా రాయడం, బొమ్మలు వేయడం, నటించడం సాగాయి. 1983లో చండీగఢ్ గురించిన వ్యాసాల పుస్తకం వచ్చింది. 2008 ఆగస్టులో నాటకంలో వేషం వేయడానికి ముంబయి వెళుతూ రైల్లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 84 ఏళ్లు.

ఆయన కుమారుడు విక్రమాదిత్య ప్రకాశ్ అమెరికాలోని సియాటిల్‌లో ఆర్కిటెక్చర్ ఆచార్యుడు. తండ్రి పని గురించి ‘వన్ కంటిన్యువస్ లైన్’ అనే గ్రంథం రాశారు. ఆదిత్య ప్రకాశ్ పత్రాలు మాంట్రియల్‌లోని కెనడియన్ సెంటర్ ఫర్ ఆర్కిటెక్చర్‌లో భద్రంగా ఉన్నాయి.