నైనితాల్‌లో ఇల్లు కొనాలంటే, ఏ కొండ వైపు?

మొన్న మా బీటెక్ బ్యాచ్ గ్రూప్‌లో ఒకడు లింక్ పెట్టాడు. నైనితాల్‌లో లేక్ వ్యూ ఫ్లాట్, అమ్మకానికి. "రిమోట్ జాబే కదరా, కొనేద్దాం" అన్నాడు. అబద్ధం ఎందుకు, నాకూ మనసు లాగింది. సరే, ముందు ఆ ఊరి కథ చదువుదాం అనుకున్నా.

ఉత్తరాఖండ్‌లో, సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది నైనితాల్. మధ్యలో చెరువు, చుట్టూ కొండలు. స్థానికులకి అది నైనాదేవి అమ్మవారి చోటు. 1841లో షాజహాన్‌పూర్ చక్కెర వ్యాపారి బ్యారన్ అక్కడికి వెళ్ళాడు. ఆ నేల నాది అన్న నర్‌సింగ్‌ని పడవెక్కించి, చెరువు మధ్యకి తీసుకెళ్ళి, సంతకం పెడతావా, నీళ్ళలో తోసేయమంటావా అని బెదిరించాడని చెబుతారు. అదన్నమాట అక్కడి తొలి రిజిస్ట్రేషన్!

తర్వాత బంగళాలు, హోటళ్ళు, క్లబ్బులు చకచకా లేచాయి. 1867లోనే ఒకసారి కొండ జారింది. అయినా కట్టడం ఆగలేదు.

1880 సెప్టెంబర్ 18, శనివారం. రెండు రోజులుగా ఒకటే వాన. చెరువుకి ఉత్తరాన ఉన్న షేర్-కా-డాండా కొండది పలకలుగా విడిపోయే రాయి. నీళ్ళు లోపలికి దిగితే పట్టు తప్పుతుంది. పొద్దున కొంత మట్టి జారి విక్టోరియా హోటల్ వెనక భాగం మీద పడింది. జనం, సిపాయిలు పరిగెత్తుకొచ్చి తవ్వుతున్నారు. మధ్యాహ్నం కొండ మొత్తంగా దిగింది. హోటల్, నైనాదేవి గుడి, సాయానికి వచ్చినవాళ్ళు, అంతా కిందే. 151 మంది చనిపోయారు. ఇవాళ టూరిస్టులు ఐస్‌క్రీమ్ తింటూ తిరిగే ఫ్లాట్స్ మైదానంలో ఆ మట్టి కూడా ఉంది.

నన్ను బాగా పట్టేసింది మాత్రం ఒకావిడ కథ. పేరు మేరీ కార్బెట్. పులుల వేటగాడు జిమ్ కార్బెట్ వాళ్ళమ్మ. ఆ ఊళ్ళో ఇళ్ళ ఏజెంట్ ఆవిడే. మన భాషలో రియల్ ఎస్టేట్! అప్పటికి వాళ్ళిల్లు కూలిన వైపే, అల్మా కొండ మీద. 1881లో పోస్ట్‌మాస్టర్ భర్త పోయాడు. ఇంటినిండా పిల్లలు, జిమ్‌కి ఇంకా ఆరేళ్ళు నిండలేదు. అలాంటి టైమ్‌లో ఆవిడ చెరువుకి అవతల, అయార్‌పాటా వైపు గర్నీ హౌస్ కట్టించుకుంది. ఊళ్ళో ఏ ఇల్లు ఎలాంటిదో ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. 1947లో జిమ్ దాన్ని అమ్మేసి కెన్యా వెళ్ళిపోయాడు.

1880 తర్వాత బ్రిటిష్‌వాళ్ళు కొండల నిండా కాలువలు తవ్వించారు, వాననీళ్ళు మట్టిలో దిగకుండా చెరువులోకి పోవాలని. ఊరిని నిలబెట్టింది అవే. కానీ షేర్-కా-డాండా మీద ఇళ్ళు మళ్ళీ కిక్కిరిసిపోయాయి. 2018 ఆగస్టులో లోయర్ మాల్ రోడ్డు ముక్క ఒకటి విరిగి చెరువులో పడింది.

ఆ లింక్‌లో బాల్కనీ ఫొటోలు పన్నెండున్నాయి. ఫ్లాట్ ఏ కొండ మీదుందో మాత్రం ఎక్కడా లేదు. మావాణ్ణి అడిగా, ఏజెంట్‌కి ఫోన్ చేసి కనుక్కోరా అని. "బిజీ వస్తోంది" అంటున్నాడు.