అధిక ఉష్ణోగ్రతా అతివాహకాలు
తగినంత చల్లబరచినపుడు విద్యున్నిరోధం పూర్తిగా శూన్యమయ్యే పదార్థాలను అతివాహకాలు అంటారు. 1911లో లైడెన్ నగరంలో కామర్లింగ్ ఆన్స్ ఈ ధర్మాన్ని పాదరసంలో, సుమారు 4.2 కెల్విన్‌ల వద్ద గమనించాడు. అంతటి చలికి ఖరీదైన ద్రవ హీలియం కావాలి.

1986లో బెడ్నార్జ్, ముల్లర్‌లు లాంథనం, బేరియం, రాగి కలిసిన ఒక ఆక్సైడు 30 కెల్విన్‌లకు పైననే అతివాహకమవుతున్నట్లు కనుగొని, మరుసటి ఏడే నోబెల్ బహుమతి పొందారు. 1987లో ఇట్రియం బేరియం రాగి ఆక్సైడు 93 కెల్విన్‌లను అందుకొన్నది. ద్రవ నత్రజని 77 కెల్విన్‌ల వద్ద మరుగుతుంది కనుక, ఇక చవకైన నత్రజనే చాలును.

అయితే ఈ ఆక్సైడులు పింగాణీవలె పెళుసైనవి. రాగివలె తీగగా సాగవు. లోహపు పట్టీపై పలుచని పొరగా పెంచవలసి ఉంటుంది. అందుచేతనే ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రాలలో నేటికీ ఎక్కువగా ద్రవ హీలియంతో చల్లబరచిన నియోబియం-టైటానియం తీగచుట్టలే ఉన్నాయి. 2023లో గది ఉష్ణోగ్రత వద్దనే పనిచేయునని ప్రచారమైన ఎల్‌కే-99 ఇతర ప్రయోగశాలల పరీక్షలకు నిలువలేదు.