లదేణి కుక్క

రైళ్లు, లారీలు రాకముందు మన లంబాడీ పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని లదేణికి పోయేవారు. రాత్రి దిగిన చోట బస్తాలకు, గొడ్లకు కుక్కే కాపలా. ఇప్పటికీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తండాల్లో కొత్త అడుగు వినపడితే ముందు లేచేది అదే.

ఆ కుక్క కథొకటి 1916లో రస్సెల్, హీరాలాల్ అచ్చువేశారు. ఒక బంజారా అప్పు కోసం తన కుక్కను షావుకారు దగ్గర తాకట్టు పెట్టాడు. దొంగలు చెరువులో దాచిన సొత్తును అది పట్టించింది. బాకీ తీరిందని షావుకారు చీటీ రాసి, దాని మెడకు కట్టి పంపాడు. మాట తప్పి పారిపోయి వచ్చిందనుకొని యజమాని చంపేశాడు. చీటీ తర్వాత చూశాడు. ఛత్తీస్‌గఢ్‌లోని ఖప్రీలో కుకుర్‌దేవ్ గుడికీ ఇదే కథ చెబుతారు.

1871 నేరస్త తెగల చట్టం సంచార జాతులకు వేసిన శిక్షా అలాంటిదే. చీటీ ఎవరూ చూడలేదు.