అనల్ మాలిక్‌కూ, బందగీకీ నడుమ

అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్ ఆఫీసు దగ్గర నాకు ఉర్దూ వచ్చని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు కాగితం చాపుతారు. మొన్న ఒక పెద్దమనిషి అట్లనే వచ్చాడు. లుంగీలో నాలుగు మడతలు పెట్టి దాచుకున్న పాత రికార్డు నకలు. "సాబ్, జర చదివి చెప్పుండ్రి, మా తాత పేరున్నదా?" అన్నాడు. కాగితం నిండా షికస్తా రాత. పట్టేదార్, షిక్మీదార్, ఖుష్కీ, తరీ. ఆయనకు ఉర్దూ రాదు. ఆయన భూమి ఉర్దూలో ఉంది.

ఆ కాగితం చూస్తుంటే నాకు నా రెండు చదువులు యాదికొచ్చినయ్. బడిలో ఉర్దూ మీడియం. అక్కడ బహదూర్ యార్ జంగ్ తఖ్రీర్‌ల గురించి ఉస్తాద్‌లు మురిసిపోతూ చెప్పేవాళ్లు. డిగ్రీకి తెలుగులోకి వచ్చిన. అక్కడ దొడ్డి కొమురయ్య, సంఘం, సాయుధ పోరాటం. రెండూ ఒకే దశాబ్దం అని, ఒకే రియాసత్ అని నాకు ఏ క్లాసులోనూ అనిపించలేదు. షేక్ బందగీ పేరైతే రెండు చోట్లా వినలేదు.

బందగీది జనగామ వైపు కామారెడ్డిగూడెం. దాయాదులతో భూమి తగాదా. అందులో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి తలదూర్చాడు. మామూలుగా అయితే రైతు దొర కాళ్ల మీద పడాలి. బందగీ కచేరీకి పోయిండు. అదాలత్‌లో దొర మీద గెలిచిండు కూడా. 1940 జులై 27న కోర్టుకు పోతుండగా దారిలో నరికి చంపారు. కొమురయ్య కడవెండిలో తూటాకు పడిపోయింది 1946 జులై 4న. అంటే ఆరేళ్ల ముందే ఒక ముసల్మాన్ రైతు అదే దొరతనం చేతిలో పోయిండు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బల్దాలో బహదూర్ యార్ జంగ్ 'అనల్ మాలిక్' అనే మాటకు రూపమిస్తున్నాడు. నేనే మాలిక్‌ని అని. రియాసత్‌లో హుకూమత్ నిజాం ఒక్కడిదే కాదు, ప్రతి ముసల్మాన్‌దీ అని దాని మతలబ్. వినేవాళ్లలో రిక్షావాలా ఉన్నాడు, చప్రాసీ ఉన్నాడు, బీడీలు చుట్టేవాడు ఉన్నాడు. ఏమీ లేనివాడికి తఖ్తులో హిస్సా ఉందంటే ఎవరి ఛాతీ పొంగదు? నేను ఆయన్ని తేలిగ్గా చూడను. ఖితాబు, జాగీరు వదులుకున్న మనిషి. 1944 జూన్‌లో దావత్‌కని పోయి హఠాత్తుగా చనిపోయాడు. జహర్ పెట్టారని ఇప్పటికీ పాత షహర్‌లో గుసగుస. కానీ ఒక సవాల్ మిగిలిపోయింది. మాలిక్‌లందరిలో కామారెడ్డిగూడెం బందగీ ఎక్కడ? బందగీ అంటేనే గులామీ. పేరులోనే గులామీ ఉన్న మనిషి దొర ముందు తల వంచలేదు. మాలిక్‌నని చెప్పుకున్నవాళ్లు ఆయన కోసం జులూస్ తీసినట్టు నేనెక్కడా చదవలేదు.

ఆయన కథను నాటకం చేసింది సుంకర, వాసిరెడ్డి. 'మా భూమి', 1947. తర్వాత అదే పేరుతో వచ్చిన సినిమాకు ఆధారం మాత్రం ఉర్దూ నవల, కిషన్ చందర్ 'జబ్ ఖేత్ జాగే'. తెలుగు రైతు కథ ఉర్దూలో రాసుకోబడి మళ్లీ తెలుగు తెర మీదికి వచ్చింది. మన భాషలు మనకంటే ఎక్కువ తిరిగినయ్.

అప్పట్లో ఊర్లలో గాలి మారుతోంది. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభకు రావి నారాయణరెడ్డి సదర్. చందా రూపాయి నుంచి అణాకు దిగింది. అణా ఇచ్చిన ప్రతివాడూ సంఘం మనిషే. ఆ ఏడాదే మఖ్దూం మొహియుద్దీన్ 'సుర్ఖ్ సవేరా' వచ్చింది. అందోల్‌లో పుట్టి, మస్జిద్ నీడలో పెరిగి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన ఆ షాయర్ నౌకరీ వదిలి మజ్దూర్ యూనియన్‌లు కట్టాడు. 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచాడు. తెలుగు పల్లెల నియోజకవర్గం, ఉర్దూ షాయర్.

జర్నలిస్టును కనుక నా గుండె ఎక్కువగా ఆగేది షోయబుల్లా ఖాన్ దగ్గరే. మహబూబాబాద్ వైపు మనిషి. మందుముల నర్సింగరావు 'రయ్యత్' పత్రికలో పనిచేశాడు. అది మూతపడ్డాక 1947 నవంబర్‌లో 'ఇమ్రోజ్' పెట్టాడు. ఇమ్రోజ్ అంటే ఈనాడు. (ఆ పేరుతో తెలుగు పత్రిక పెట్టినాయన ఫిల్మ్‌సిటీ మా మండలంలోనే ఉంది, అది వేరే కథ.) రియాసత్ ఇండియాలో కలవాలని, రజాకార్ల జులుం ఆగాలని ఉర్దూలో రాశాడు. గమనించండి, ఉర్దూలో. అంటే అవతలివాళ్లకు కాదు, సొంతవాళ్లకు చెప్పాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి పోతుంటే కాచిగూడ దగ్గర చంపారు. రాసే చెయ్యి నరికారు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

మూడు వారాలకు ఫౌజ్ వచ్చింది. ఒక దళం బెజవాడ వైపు నుంచి, మా ఊరి మీదుగా పట్నం పోయే ఈ రోడ్డు పట్టుకునే కదిలింది. మా నానీ ఏ మాటకైనా "పోలీస్ ఆక్షన్‌కు ముందు", "తర్వాత" అనేది. పుట్టుకలు, షాదీలు, మౌతులు అన్నీ అదే లెక్క. ఆ తర్వాత ఏం జరిగిందో పండిట్ సుందర్‌లాల్, 'పయాం' పత్రిక పెట్టిన ఖాజీ అబ్దుల్ గఫార్ తిరిగి చూసి రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరం ఎక్కువ. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల ప్రాణాలని వాళ్ల అంచనా. ఆ రిపోర్టు దశాబ్దాలు బీరువాలో పడి ఉంది.

సెప్టెంబర్ 17 వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఫోన్ చేసి "మీవాళ్లు ఏమంటారు" అని అడుగుతారు. మావాళ్లు ఎవరు? నరికించుకున్న బందగీనా, షోయబుల్లానా, నరికినవాడా, బీదర్‌లో ఇల్లు కాలిన విధవనా? ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబిచ్చినవాళ్ల మీద నాకు భరోసా లేదు.

1949లో జాగీర్లు పోయినయ్. 1950లో కౌల్దార్ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న ఇక్కడికి దగ్గర్లోని పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబాకు వంద ఎకరాలు ఇస్తానన్నాడు. అక్టోబర్‌లో సాయుధ పోరాటం ఆగింది. పుస్తకాల్లో దశాబ్దం అక్కడ ముగుస్తుంది. కానీ 2019 నవంబర్ 4న ఇదే మండల ఆఫీసు గదిలో భూమి తగాదా మీద వచ్చిన మనిషి తహసీల్దార్ మీద పెట్రోల్ పోసి నిప్పంటించాడు. ఆమె అక్కడే కాలిపోయింది. కాపాడబోయిన డ్రైవర్ పోయాడు. నిప్పు పెట్టినవాడూ పోయాడు.

పెద్దమనిషి కాగితంలో ఆయన తాత పేరు దొరికింది. పట్టేదార్ ఖానాలో కాదు, షిక్మీదార్ ఖానాలో. అంటే కౌలుదారు. "అంటే భూమి మాదేనా సాబ్?" అన్నాడు. పేరు మీద వేలు పెట్టి, ఇంకోసారి చదివి వినిపించిన.